కొనేముందు నీ కెమెరా ఏ ఫైలు ఇస్తదో చూడు

బిడ్డా,

హన్మకొండ నుంచి మామ రాస్తున్న. నువ్వు వాట్సాప్‌ల పంపిన లిస్టు రాత్రి షాపు మూసినంక మళ్లొకసారి నెమ్మదిగ చదివిన. దసరాకొచ్చిన సింగరేణి లాభాల వాటా ముట్టకుండ మీ నాయన నీ కంప్యూటర్ కోసం తీసి పెట్టిండని మీ అమ్మ చెప్పింది. బొగ్గు బాయిల దిగి సంపాదించిన పైసలవి. అందుకే ఫోన్ల రెండు ముక్కలు చెప్పి ఊకోకుండ, కూసొని రాస్తున్న.

నీ లిస్టుల ఒక్కొక్క పార్టు విడిగ చూస్తే ఏదీ చెడ్డది కాదు. కలిపి చూస్తేనే పొంతన కుదరలేదు. నువ్వు రాసిన బీ760 బోర్డు పేరు చివర డీ4 అని ఉన్నది. అంటే అది డీడీఆర్4 ర్యామ్ పట్టే బోర్డు. ర్యామేమో డీడీఆర్5 రాసినవు. రెండిటికీ 288 పిన్నులే, పొడుగు గూడ ఒక్కటే, కానీ నడిమిట్ల గాటు వేరే చోట ఉంటది. కూసోదు. కూసోనిదాన్ని బలం పెట్టి ఒత్తి స్లాట్ పగలగొట్టుకున్న పిల్లలు నా షాపుకు వచ్చిండ్రు. బీ760 బోర్డులు డీడీఆర్4వి, డీడీఆర్5వి రెండు రకాలు దొరుకుతయి. పేరు మొత్తం చివరి అక్షరం దాకా చదవాలె. 

ఇది చిన్న తప్పు, దిద్దుకుంటే అయిపోతది. పెద్ద తప్పు ఇంకొకటి ఉన్నది.

నువ్వు ముందుగాల ప్రాసెసర్ రాసి, దాని కింద మిగతావి పేర్చుకుంట పోయినవు. అందరు అట్లనే చేస్తరు. నేను మాత్రం ఎడిటింగ్ కోసం ఎవరొచ్చినా మొదలు అడిగేది ఒకటే: ఏం కెమెరా, ఏ సెట్టింగ్‌ల తీస్తున్నరు? నీది సోనీ ఏ7 ఫోర్. 4కే, హెచ్.265, 4:2:2 10 బిట్‌ల, అంటే రంగు వివరం ఎక్కువుండే ఫైలుల తీస్తున్న అన్నవు. మంచి పని చేస్తున్నవు. మైలపోలు కాడ పసుపు, లగ్గం కాడ పట్టుచీర, రాత్రి బరాత్‌ల రంగు లైట్లు, ఇవన్నీ గ్రేడింగ్‌ల ఎంత సాగదీసినా చారలు పడకుండ ఉంటయి. కానీ ఆ ఫైలును విప్పుడు కంప్యూటర్‌కు బరువు. దాన్ని విప్పే ప్రత్యేకమైన ఇంజన్ ప్రాసెసర్‌లనన్న ఉండాలె, గ్రాఫిక్స్ కార్డులనన్న ఉండాలె. ఎక్కడా లేకుంటే పని మొత్తం మామూలు కోర్ల మీద పడి, టైమ్‌లైన్ అడుగడుగునా ఆగుతది.

నువ్వు రాసిన ప్రాసెసర్ ఐ5 14400ఎఫ్, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌ల లోపలి గ్రాఫిక్స్ ఉండదు. అది లేకుంటే క్విక్ సింక్, అంటే ఇంటెల్‌ల వీడియో విప్పే ఇంజన్, ఉండదు. హెచ్.265 4:2:2 ఫైలును హాయిగ విప్పేది ఆ క్విక్ సింకే. ఇగ 4060 అంటవా, 40 సిరీస్ కార్డుల డీకోడర్‌కు 4:2:2 రాదు. అంటే నీ కెమెరా ఫైలుకు రెండు తొవ్వలూ మూసుకపోయినయి. కొత్త కంప్యూటర్ కొన్నంక గూడ ఇప్పటి ల్యాప్‌టాప్ లెక్కనే ఆగుకుంట నడిస్తే, నీకు ఎంత బాధైతదో నాకు తెలుసు.

దీనికి రెండు దారులున్నయి. ఒకటి, ఎఫ్ లేని ఇంటెల్. ఐ5 14500 తీసుకో. 14400ల యూహెచ్‌డీ 730 ఉంటది, దాంట్ల వీడియో ఇంజన్ ఒక్కటే. 14500ల యూహెచ్‌డీ 770, దాంట్ల రెండున్నయి. రెండు కెమెరాల లగ్గం మల్టీక్యామ్‌ల పెట్టినప్పుడు ఆ తేడా తెలుస్తది. ఒక్క మాట యాదుంచుకో, గ్రాఫిక్స్ కార్డు పెట్టంగనే కొన్ని బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను వాటంతటవే ఆపేస్తయి. బయోస్‌లకు, అంటే బోర్డు సెట్టింగులుండే చోటికి పోయి ఐజీపీయూ మల్టీ మానిటర్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యాలె. అది చెయ్యకనే క్విక్ సింక్ పని చేస్తలేదని మొత్తుకున్నోళ్లు శానమంది.

రెండో దారి, కార్డు మార్చుడు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచి 4:2:2ను కార్డే విప్పుతది, హెచ్.264లది గూడ. హెచ్.264 4:2:2 మాత్రం 14వ తరం క్విక్ సింక్‌కు గూడ రాదు. కాబట్టి నీతోని పనిచేసే రెండో కెమెరామన్ ఏ ఫార్మాట్‌ల తీస్తడో గూడ అడుగు. 5060 టీఐ తీసుకుంటే జాగ్రత్త, అదే పేరుతోని 8 జీబీ ఉన్నది, 16 జీబీ ఉన్నది. 4కే ఎడిటింగ్‌కు 16 జీబీ తీసుకో. పైసలు సరిపోతే నా మాట 14500, దాని పక్కన 5060 టీఐ 16 జీబీ. సరిపోకుంటే 14500ను విడువకు, కార్డు తర్వాతన్న మార్చుకోవచ్చు.

ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్ ఎందుకొద్దని నీ తమ్ముడు అడుగుతడు. వద్దని కాదు. రైజెన్ కూసునే ఏఎం5 సాకెట్‌ను 2027, ఆ తర్వాత దాకా నడిపిస్తమని ఏఎండీ చెప్పింది, మన ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ 1700 మాత్రం 12, 13, 14 తరాలతోనే ఆగిపోయింది. ముందుముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు ఏఎం5లనే ఎక్కువ. కానీ రైజెన్ లోపలి గ్రాఫిక్స్ 4:2:2 విప్పదు. కాబట్టి రైజెన్ అంటే ఆర్‌టీఎక్స్ కార్డులల్ల 50 సిరీసే కావాలె, ఆ రెండూ కలిపే కొనాలె. 

తమ్ముని వాలరెంట్‌కు మీరనుకున్నంత పెద్ద కార్డు అక్కర్లేదు. ఆ ఆట కార్డుకన్న ప్రాసెసర్ మీదనే ఎక్కువ ఆధారపడ్తది. విండోస్ 11ల అది నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రత సెట్టింగులు రెండూ ఆన్ ఉండాలె. కొత్త బోర్డుల ఇవి ఉంటయి, బయోస్‌ల చూసుకోవాలె అంతే. మానిటర్ వైరు కార్డుకు పెట్టమను. బోర్డుకు పెట్టి ఆట నడుస్తలేదని ఫోన్ చేసే పిల్లలు నెలకొకడన్న ఉంటడు.

బోర్డు గురించి ఎక్కువ చెప్పేది లేదు. హెచ్610 వద్దు. దాంట్ల ర్యామ్ స్లాట్లు రెండే, ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాల మీద చాలావాటికి హీట్‌సింక్ గూడ ఉండదు. రెండు గంటలు ఎక్స్‌పోర్ట్ నడిస్తే అక్కడ వేడెక్కి వేగం పడిపోతది. ఆ హీట్‌సింక్ ఉన్న బీ760, డీడీఆర్5 బోర్డు చూడు. కంపెనీ సైటుల ఆ బోర్డు పేజీకి పోతే సీపీయూ సపోర్ట్ లిస్టు ఉంటది. నీ ప్రాసెసర్ ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తదో అండ్ల రాసి ఉంటది. షాపుల చాన్నాళ్లు పడున్న బోర్డు అయితే పాత బయోస్‌తోని రావచ్చు, అది అప్‌డేట్ చేసి ఇయ్యమని ముందే అడుగు. మనసు ఐ7 మీదికి పోతే ఇది మరీ ముఖ్యం. 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నయని 2024ల ఇంటెలే ఒప్పుకొని బయోస్ ద్వారా దిద్దుబాటు ఇచ్చింది.

ర్యామ్ 32 జీబీ, 16 జీబీవి రెండు, ఒకే ప్యాకెట్‌ల వచ్చిన జోడీ. ఇప్పుడు ఒకటి కొని తర్వాత ఇంకొకటి కలుపుదామనుకోకు. నాలుగు స్లాట్ల బోర్డుల ప్రాసెసర్ దిక్కు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది, వాటిలనే పెట్టాలె. డీడీఆర్5ల నాలుగూ నింపితే వేగం తగ్గించి నడపాల్సి వస్తది. పెట్టినంక బయోస్‌ల ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యకుంటే, ప్యాకెట్ మీద రాసిన వేగం నీకు రాదు.

ఇగ పవర్ సప్లై. బిడ్డా, ఈ ముక్క రెండుసార్లు చదువు.

2019ల నర్సంపేట దిక్కు ఒక ఫోటోగ్రాఫర్ కంప్యూటర్ నా దగ్గరికి వచ్చింది. సప్లై పోయింది. కొత్తది తెచ్చిన, వైర్లు ఊడదీసి పెట్టే మాడ్యులర్ రకం. పాతది గూడ మాడ్యులరే. పాత వైర్లు క్యాబినెట్ వెనుక చక్కగ కట్టి ఉండె. వాటిని విప్పుడెందుకని, అవే వైర్లు కొత్త సప్లైకి గుచ్చిన. ప్లగ్గు సరిగ్గ కూసున్నది. స్విచ్ ఎయ్యంగనే కాలిన వాసన వచ్చింది. హార్డ్‌డిస్క్ దిక్కుండే ప్లగ్గు అన్ని కంపెనీలకు ఒక్కటే, సప్లై దిక్కుండే పిన్నుల వరుస మాత్రం ఒక్కో కంపెనీది, ఒక్కోసారి ఒకే కంపెనీల ఒక్కో మోడల్‌ది వేరే ఉంటది. 5 వోల్టులు పోవాల్సిన తీగెల 12 వోల్టులు పోయినయి. రెండు డిస్కులు ఒక్కసారే పోయినయి. వాటిల మూడు లగ్గాలున్నయి. నా పైసలు పెట్టుకొని హైదరాబాద్‌ల డేటా తీసేటోళ్లకు ఇచ్చిన. ఒక డిస్కు వచ్చింది, ఒకటి రాలేదు. ఆ రానిదాంట్ల ఉన్న లగ్గం పిల్ల తండ్రి, అప్పగింతల వీడియో కోసం నా షాపు ముందట నిలబడ్డడు. అంతకు పది నెలల ముందు ఆయన భార్య సచ్చిపోయింది, ఆమె గొంతు ఆ వీడియోల ఉన్నది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు పూర్తిగ నాది. ఆ రోజు నుంచి పాత సప్లై తీసేస్తే దాని వైర్లు గూడ అదే డబ్బల ఏసి కడ్తున్న.

కాబట్టి సప్లైతోని వచ్చిన వైర్లే వాడాలె. ప్రాసెసర్ వైరు, గ్రాఫిక్స్ వైరు రెండూ 8 పిన్నులవే, చూస్తే ఒక్క తీరుగనే ఉంటయి. 4, 4గ విడిపోయేది ప్రాసెసర్‌కు, 6, 2గ విడిపోయేది కార్డుకు. బలవంతంగ ఎక్కించొద్దు.

ఎన్ని వాట్లు కావాలంటే లెక్క సులువు. 14500 మస్తుగ లాగితే 154 వాట్లు, 5060 టీఐ 180. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో 70 కలుపుకో. 400 దగ్గర ఆగుతది. నువ్వు రాసిన 450 వాట్ల పేరులేని సప్లై వద్దు. 650 వాట్లది, కంపెనీ ఐదేండ్లకు తగ్గకుండ వారంటీ ఇచ్చేది తీసుకో. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని రాసి ఉండేది కరెంటు ఎంత వృథా కాదో చెప్పే ముద్ర. లోపలి సరుకు ఎంత గట్టిదో అది చెప్పదు. దాన్ని చెప్పేది వారంటీనే.

యూపీఎస్ తప్పనిసరి. 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు కాదు, చాలావాటిల 360 వాట్లే. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండంగ కరెంటు పోతే అది నిలబడది. 1000 వీఏకు పైబడ్డది, వాట్లు 600 అని రాసున్నది చూడు. క్వార్టర్‌ల మూడో పిన్నుకు ఎర్తింగ్ నిజంగ ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తోని టెస్టర్ పెట్టి చూపియ్యి. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమ అంటే ఎర్తింగ్ లేనట్టే.

మీ గోదావరిఖనిల ఇంకో సంగతి. ఓపెన్ కాస్ట్ నుంచి వచ్చే బొగ్గు దుమ్ము కిటికీల మీద ఎట్ల పేరుకుంటదో నీకు నేను చెప్పాల్నా? ముందట అద్దం ఉన్న క్యాబినెట్ చూడ సక్కగుంటది, గాలి ఆడది. ఎండకాలం 45 డిగ్రీలు దాటినప్పుడు లోపల ఉడికిపోతది. ముందట జాలీ, జాలీ వెనుక ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది తీసుకో. గాలి లోపలికి గుంజే ఫ్యాన్లు రెండు, బయటికి తోసేది ఒకటి. అప్పుడు గాలి ఫిల్టర్ నుంచే లోపలికి వస్తది, సందుల నుంచి దుమ్ము గుంజదు. ఆయితారం ఆయితారం ఫిల్టర్ కడుగు, పూర్తిగ ఆరినంకనే పెట్టు.

ప్రాసెసర్‌తోని వచ్చే చిన్న కూలర్ తమ్ముని ఆటకు సరిపోతది, నీ ఎక్స్‌పోర్ట్‌కు సాలదు. నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్ పెడ్దాం. అవి దగ్గర దగ్గర 155 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటయి. క్యాబినెట్ వివరాలల్ల కూలర్ ఎత్తు ఎంత పడ్తదో, కార్డు పొడుగు ఎంత పడ్తదో రెండూ రాసి ఉంటయి. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 300 మిల్లీమీటర్లు దాటుతయి. ఒక టేపు తీసుకొని ఆ కొలతలు నీ కండ్లతోని చూసుకో.

డిస్కులకు వస్తే, నడుస్తున్న పని కోసం 1 టీబీ ఎన్‌వీఎంఈ జెన్4, అంటే బోర్డు మీది ఎం.2 స్లాట్‌ల కూసునే వేగమైన డిస్కు, అయిపోయిన లగ్గాలకు పెద్ద హార్డ్‌డిస్క్. కొన్ని బోర్డుల ఒక ఎం.2 స్లాట్ వాడితే హార్డ్‌డిస్క్ పెట్టే సాటా పోర్టు ఒకటి పని చెయ్యదు, మాన్యువల్‌ల ఏ పోర్టో చూసి వేరే దాంట్ల పెట్టు. రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చెయ్యకు. ఎందుకు చెప్తున్ననో పైన చదివినవు.

కొననీకి భాగ్యనగర్ రైలు ఎక్కి సికింద్రాబాద్‌ల కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోతమన్నరు కదా, పోండ్రి. పోంగనే ఒక్క షాపుల కొనకుండ మూడు షాపుల రేటు అడుగుండ్రి. బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబర్ ఉండాలె. మోడల్ పేరు బిల్లుల పొట్టిగ రాస్తే పూర్తిగ రాయించు. బోర్డు డబ్బ వాళ్ల ముందటనే తెరిచి, సాకెట్ మూత కింద పిన్నులు ఒక్కటన్న వంగినయా అని ఫోన్ లైట్‌తోని చూడు. వంగిన పిన్నుకు వారంటీ ఇయ్యరు. ఆ నల్ల ప్లాస్టిక్ మూత పారెయ్యకు, వారంటీకి పంపేటప్పుడు అది అడుగుతరు.

ఇంటికి పోయి నువ్వే బిగియ్యకు, తమ్ముణ్ని గూడ బిగియ్యనీయకు. వచ్చేటప్పుడు కాజీపేటల దిగి డబ్బలన్నీ ఇక్కడికే పట్టుకరాండ్రి. ముగ్గురం కలిసి పెడ్దాం, ఏ వైరు ఎక్కడికో నువ్వే నీ చేతులతోని పెట్టి నేర్చుకుంటవు. మొన్నటి లగ్గం కెమెరా కార్డు ఒకటి ఫార్మాట్ చెయ్యకుండ వెంట తే. ముందు ఆ ఫైలు టైమ్‌లైన్ మీద పెట్టి చూద్దాం. ఆగకుండ నడిస్తేనే క్యాబినెట్ మూత బిగిద్దాం.

మీ అమ్మకు, బావకు నేను అడిగిన్నని చెప్పు.

మీ మామ
హన్మకొండ