‘గురుడంత పెద్దది’ అని రాయకు

అమలాపురం

చి. సుభద్రకు ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ‘17,000 కాంతి సంవత్సరాల దూరంలో గురుడంత పెద్ద గ్రహాన్ని కెప్లర్ టెలిస్కోపు చూసింది’ అని మొదలుపెట్టావు. అందులో దూరం ఒక్కటే నిలుస్తుంది. కె2-2016-బీఎల్‌జీ-0005ఎల్‌బీ అనే ఆ గ్రహాన్ని ఎవరూ చూడలేదు, దాని సైజూ కొలవలేదు. తేలింది ద్రవ్యరాశి: గురుడికి 1.1 రెట్లు.

అందుకే గ్రహంతో మొదలుపెట్టకు, నిజంగా కనిపించినదానితో మొదలుపెట్టు. 2016 ఏప్రిల్ నుంచి జులై దాకా నాసా అంతరిక్ష టెలిస్కోపు కెప్లర్ మన గెలాక్సీ నడిబొడ్డు వైపు లక్షలాది నక్షత్రాలను గమనించింది. వాటిలో ఒకదాని వెలుగు పెరిగి, తగ్గింది. దానికీ మనకీ మధ్య సరిగ్గా అదే వరుసలోకి ఇంకో నక్షత్రం రావడమే కారణం. దాని గురుత్వాకర్షణ వెనక నక్షత్రం కాంతిని వంచి మనవైపు పోగేసింది. అడ్డొచ్చినది ఒంటరిదైతే వెలుగు గీత (రోజులు గడిచేకొద్దీ వెలుగెలా మారిందో చూపే గ్రాఫు) నున్నగా ఎక్కి, అదే తీరున దిగుతుంది. వెంట గ్రహముంటే ఆ గీత మీద ఉన్నట్టుండి మొనలు లేస్తాయి. గ్రహం, దాని నక్షత్రం బరువుల నిష్పత్తి ఆ మొనల ఆకారం నుంచే వస్తుంది.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. నిష్పత్తి తెలిస్తే బరువు తెలిసినట్టు కాదు, ఆ జంట ఎంత దూరాన ఉందో తేలాలి. కెప్లర్ అప్పటికి భూమికి కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. భూమ్మీది టెలిస్కోపుల కంటే కాస్త ముందుగా, ఎక్కువసేపు ఈ మార్పును చూసింది. నీ పాఠకులు రాజోలు, పి.గన్నవరం వాళ్లు కదా, వాళ్లకు ఇలా చెప్పు: గోదావరి గట్టున ఎడంగా నిలబడ్డ ఇద్దరికి ఏటి మధ్య పడవ అవతలి గట్టున వేరువేరు కొబ్బరిచెట్లకు ఎదురుగా కనిపిస్తుంది. ఇద్దరి మధ్య ఎడం తెలిస్తే పడవ దూరం లెక్కకట్టొచ్చు. ఈ తేడాకు మొనల పదును కూడా కలిశాకే నక్షత్రం బరువు సూర్యుడిలో దాదాపు 60 శాతమని, దాన్నిబట్టి గ్రహం బరువు తేలాయి.

కెప్లర్ అవస్థకు నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం అదే, ఒక పేరా ఇవ్వు. గురి నిలపడానికి దానికి నాలుగు రియాక్షన్ వీల్స్ (గిర్రున తిరుగుతూ టెలిస్కోపును తిప్పే చక్రాలు) ఉండేవి, 2013 నాటికి రెండు పాడయ్యాయి. మిగిలిన రెండింటితో, సూర్యకాంతి ఒత్తిడి ఆసరాగా దాన్ని నిలబెట్టారు. అయినా మెల్లగా ఒరిగేది, కొన్ని గంటలకోసారి థ్రస్టర్లతో, అంటే చిన్న రాకెట్ ఇంజన్లతో, సరిచేసేవారు. పైగా దాని పిక్సెల్ ఒక్కోటి 4 ఆర్క్‌సెకండ్ల వెడల్పు (ఆర్క్‌సెకండంటే డిగ్రీలో 3,600వ వంతు). అంత కిక్కిరిసిన చోట ఒకే పిక్సెల్‌లో చాలా నక్షత్రాలు పడతాయి. ఒరిగినప్పుడల్లా పక్కదాని వెలుగు లోపలికొచ్చి, ఉత్తినే వెలుగు పెరిగినట్టు చూపిస్తుంది. ఈ దొంగ మార్పుల నుంచి అసలుదాన్ని ఏరడానికి కొత్త లెక్కింపు పద్ధతి కావాల్సి వచ్చింది. 2016 నాటి కొలతల్లోని గ్రహాన్ని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం బృందం 2022లో గానీ ప్రకటించలేదు.

ట్రాన్సిట్ పద్ధతితో కలిపేశావు, విడదీయి. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి వెళ్తే వెలుగు తగ్గుతుంది, ఎంత తగ్గిందో చూసి సైజు చెప్పొచ్చు. హెచ్‌డీ 209458బీ అనే గ్రహం సుమారు మూడున్నర రోజులకోసారి అలా దాటుతుంది, అనుమానమొస్తే మళ్లీ చూడొచ్చు. ఇక్కడ ఆ వరుస మళ్లీ కుదరదు. అందుకే ఒకే సంఘటనను రెండు చోట్ల నుంచి చూడటం అంత విలువైంది. కెప్లర్ కొలతల్లో దొరికిన ఈ గ్రహం వాయుగ్రహమన్నది కూడా బరువునుబట్టి చేసిన అంచనాయే, ఆ మాట రాయి.

కక్ష్య దూరం 63 కోట్ల కిలోమీటర్లని రాశావు. అది ఆకాశంలో అడ్డంగా కొలిచిన ఎడం, అసలు దూరం అంతకంటే ఎక్కువ కావచ్చు. ‘సుమారు’ చాలదు, ‘కనీసం’ చేర్చు. గురుడు సూర్యుడికి 78 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడని పక్కనే పెట్టు.

రంగుల బొమ్మ కింద ‘ఊహాచిత్రం’ అని ఉండాల్సిందే. దానికంటే పైన వెలుగు గీత నువ్వే గీసి పెట్టు: అడ్డంగా రోజులు, నిలువుగా వెలుగు, కెప్లర్‌కు ఒక గీత, భూమికి ఇంకోటి. ఆ బొమ్మతో పాటు తిరగరాసిన మొదటి రెండు పేరాలు నాకు పంపు.