కాణిపాకం ప్రయాణానికి ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సైకిల్ మీద తిరుపతి నుంచి కాణిపాకం వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. దాదాపు 70 కిలోమీటర్లు స్వశక్తితో వెళ్తానన్నందుకు ఎంతో గర్వపడ్డాను. పూతలపట్టు రోడ్డు మీది గ్రానైట్ లారీలు, వాటి వెనుక లేచే దుమ్ము గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. గాలి, బ్రేకులు, హెల్మెట్, నీళ్లు నువ్వే చూసుకోగలవు. నా దిగులంతా నీ కళ్ల గురించే.

చదువుకునే రోజుల్లో మీ నాన్న తోపుడు బండి మీద నల్లటి కూలింగ్ గ్లాసులు కొన్నాడు. పొద్దున, సాయంత్రం అని లేకుండా అవే పెట్టుకునేవాడు. నేను వద్దన్నా వినలేదు. ఒక వేసవిలో ఇద్దరం భాకరాపేట కనుమ దిగుతుండగా, మండుటెండలోంచి చెట్ల నీడలోకి మలుపు తిరగగానే వాడికి దారి కనిపించలేదు. ముందు చక్రం గుంతలో పడింది, వాడు రోడ్డు మీద పడ్డాడు, గాజు అద్దం పగిలి కనుబొమ్మను చీల్చింది. ఆ మచ్చ నువ్వు రోజూ చూస్తున్నదే. అది అర అంగుళం కిందికి దిగి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు. ముదురు అద్దం సాధారణంగా 8 నుంచి 18 శాతం వెలుతురునే లోపలికి రానిస్తుంది. ఎండలో అది హాయి, నీడలో ప్రమాదం.

అందుకే అద్దాలు మార్చుకునే వీలున్న కళ్లద్దాలే కొనుక్కో. ఖరీదైనవే కావాలని లేదు. అద్దం పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌దై, అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ 400 రక్షణ ఉంటే చాలు. పాలీకార్బొనేట్ గాజులా ముక్కలై కంట్లో గుచ్చుకోదు. ఆ రక్షణ లేని నల్ల అద్దం మాత్రం ముట్టుకోవద్దు, చీకటికి కంటిపాప విచ్చుకుని అతినీలలోహిత కిరణాలు మరింతగా లోపలికి వెళ్తాయి. ఫోన్‌లో దారి చూసుకుంటావు కనుక రోడ్డు మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ అద్దం కూడా వద్దు, దానిలోంచి కొన్ని తెరలు నల్లగా కనిపిస్తాయి.

తెల్లవారుజామున రంగులేని తెల్ల అద్దంతో బయలుదేరు. మబ్బు పడితే పసుపుది, ఎండ ముదిరాక నల్లది పెట్టుకో. మార్చేటప్పుడు పూర్తిగా ఆగి, రోడ్డు దిగి నిలబడు. అద్దాన్ని అంచులతోనే పట్టుకో. దుమ్ము పడితే చున్నీతో తుడవొద్దు తల్లీ, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు సీసాలోని నీళ్లు దాని మీద పోసి కడిగి, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో అద్దు. కొనే ముందు అంగట్లోనే నీ చేతులతో రెండుసార్లు అద్దం తీసి బిగించి చూడు. డబ్బు తక్కువైతే మొహమాటపడకుండా నన్ను అడుగు.

ఇట్లు,
మీ పెదనాన్న
తిరుపతి