గేలిక్ ఫుట్‌బాల్ స్కోరును చదవడం ఎలా?

ప్రశ్న: ఐర్లాండ్ గేలిక్ ఫుట్‌బాల్ లీగ్ వార్తలను ఇష్టంగా చదువుతున్నాను. 0-17 చేసిన జట్టుపై 1-15 చేసిన జట్టు ఎలా గెలుస్తుంది? మ్యాచ్‌లు మనకు ఏ వేళకు వస్తాయి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: గీతకు ముందున్న అంకె గోల్స్‌ను, తర్వాతిది పాయింట్లను తెలుపుతుంది. గోల్‌కు 3 పాయింట్లు కనుక 1-15 అంటే 18, అవతలి జట్టుకు 17 మాత్రమే. 2025లో వచ్చిన నిబంధన ప్రకారం గోల్‌కు 40 మీటర్ల దూరంలో గీసిన వంపుగీత వెలుపలి నుంచి, గోల్ స్తంభాలను కలిపే అడ్డుకర్ర మీదుగా తన్నిన బంతికి 2 పాయింట్లు లభిస్తున్నందున, వెనుకబడిన జట్టు చివరి నిమిషాల్లోనూ వేగంగా పుంజుకోగలుగుతోంది; ఆటకు ఇది నిజంగా మేలు చేసింది. 32 జట్లు నాలుగు డివిజన్లలో ఆడతాయి. పట్టికలో అగ్రస్థానం కంటే, కింది డివిజన్‌కు జారకుండా పోరాడే జట్ల మ్యాచ్‌లనే ముందుగా చూడమని నా సలహా. అక్కడ మధ్యాహ్నం 2 గంటలకు మొదలయ్యే ఆట మనకు రాత్రి 7.30కు వస్తుంది, మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు ముందుకు జరిపాక 6.30కే చూడవచ్చు.