నీట్ వద్దు, చెట్ల చదువే కావాలంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. దక్షిణ అమెరికాలో పెరిగే లోకస్ట్ చెట్టు గురించి, దాని కలప, రెసిన్ గురించి చదివినప్పటి నుంచి ఫారెస్ట్రీలో చేరతానంటోంది. ఉద్యోగాలుంటాయా? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి చదివింది జటోబా గురించి అయ్యుంటుందండీ. కరీబియన్ దీవుల నుంచి బ్రెజిల్ దాకా పెరిగే పెద్ద చెట్టు. గట్టి కలప కాబట్టి ఫ్లోరింగ్‌కు వాడతారు. బెరడు నుంచి కారి గడ్డకట్టే కోపల్ రెసిన్ ధూపానికి, వార్నిష్‌కు పనికొస్తుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికే అంబర్ కూడా ఈ ప్రజాతిలోనే అంతరించిపోయిన ఓ చెట్టు రెసిన్, శిలాజంగా మారింది.

అంత దూరం ఎందుకు, మన ఏజెన్సీలో తపసి చెట్టు ఉంది. గిరిజన సహకార సంస్థ కొనే తపసి బంక దాన్నుంచే వస్తుంది. ఒక పలుకు గ్లాసు నీళ్లలో వేసి ఉంచండి, తెల్లారేసరికి ఉబ్బి జెల్లీలా అవుతుంది. కోపల్‌కు నీళ్లు అంటవు, స్పిరిట్ లాంటివి కావాలి. తపసి బంక కట్టుడు పళ్లను పట్టి ఉంచే పొడుల్లోకి, మలబద్ధకం మందుల్లోకి వెళ్తుంది. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని మీ అమ్మాయికి అనిపిస్తే మంచిదే. ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే పారిపోతుంటే మాత్రం, చెట్లపై ఇష్టమొక్కటే చాలదని నా అభిప్రాయం.

సిద్దిపేట జిల్లా ములుగులో (ములుగు జిల్లా అనుకుని అటు వెళ్లేరు!) ఫారెస్ట్ కాలేజీ ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ. సీట్లు ఎంసెట్, అదే ఈఏపీసెట్, బైపీసీ ర్యాంకుతో ఇస్తారు. అందుకని నీట్ ప్రిపరేషన్ ఆపించకండి, సిలబస్ చాలావరకు ఒకటే. తర్వాత డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ ఎఫ్‌ఆర్‌ఐలో వుడ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చు. పరిశోధనకు బెంగళూరులో కలప సంస్థ, రాంచీలో లక్క, బంకల సంస్థ ఉన్నాయి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. సర్కారు పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. ప్లైవుడ్, వార్నిష్, ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ ల్యాబ్ పని దొరుకుతుంది గానీ, మొదటి జీతం చూసి నిరాశపడొద్దు. ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) ఆలోచన ఉంటే రాతపరీక్ష ఒక్కటే కాదు, అమ్మాయిలు 4 గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి. పొద్దున్నే నడక అలవాటు ఇప్పుడే మొదలుపెట్టమనండి.