ఆ పొట్లం ఎవరి చేతుల మీదుగా వెళ్లింది?

కర్నూలు

అమ్మాయీ,

నీ నవలిక శ్రద్ధగా చదివాను. కోవెలకుంట్ల దగ్గరి ఆ ఊరు, గట్టు తగాదా, కొడుకు శవం ముందు తల్లి ఒక్క మాటా లేకుండా కూర్చోవడం, అన్నీ బాగా కుదిరాయి. నీకు మనుషులు తెలుసు. హత్య జరిగిన తర్వాతే కథ పట్టు తప్పింది. నీ సి.ఐ. నెత్తురు చొక్కా, వేటకొడవలి రెండూ ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపించాడు. మర్నాడు పొద్దున్నే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది, హంతకుడు వీడేనని. అక్కడ నాకు నమ్మకం పోయింది. కేసులూ వాయిదాలూ ఎరిగిన పాఠకులు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకూ అలాగే అనిపిస్తుంది.

నేను చాలా ఏళ్లు కోర్టులో పనిచేస్తూ కథలు రాసినవాణ్ణి. లక్క సీళ్లు వేసిన పొట్లాలను జడ్జిగారి ముందు విప్పుతుంటే దగ్గర నుంచి చూశాను. నేరం కథలో ఆ పొట్లం కూడా ఒక పాత్రే. అది ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి వెళ్లిందో తెలిస్తే నీ కథ రెండో సగం దానంతటదే నడుస్తుంది. అందుకే ఈ ఒక్క సంగతి గురించే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు చొక్కా. తడి నెత్తురు ఉన్న గుడ్డను ప్లాస్టిక్‌లో కడితే చెమ్మ బయటికి పోదు. బూజు పడుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది, డి.ఎన్.ఎ. పాడైపోతుంది. మన మే నెల వేడికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అలాగని ఎండలో ఆరేస్తే అదీ నష్టమే. నీడలో, గాలి ఆడే చోట, శుభ్రమైన కాగితం మీద పరిచి ఆరబెట్టాలి. ఆరాక మరక ఇంకోచోట అంటకుండా మడతల మధ్య కాగితం పెట్టి, కాగితం కవరులోనే ఉంచాలి. ఏ వస్తువుకు ఆ కవరు వేరు. చనిపోయినవాడి బట్టలూ, పట్టుబడినవాడి బట్టలూ ఒక్కసారి ఒకదానికొకటి తగిలితే చాలు, ఆ చొక్కా మీది నెత్తురు ఎప్పుడు ఎలా అంటిందో ఆ తర్వాత ఎవరూ గట్టిగా చెప్పలేరు. డిఫెన్స్ లాయరు పట్టుకునేది అక్కడే.

కొడవలి దగ్గర నువ్వు మంచి అవకాశం వదులుకున్నావు. నీ కథలో వాడు దాన్ని బోరు దగ్గర కడిగేశాడు, ఇక సాక్ష్యం పోయిందనుకున్నారు. ఇనుము, చెక్కపిడి కలిసేచోట సందు ఉంటుంది కదా, నెత్తురు అందులోకి ఇంకుతుంది. పైన ఎంత తోమినా అక్కడ మిగిలే అవకాశం ఉంది. ఆ సంగతి తెలిసిన హెడ్ కానిస్టేబుల్‌ను ఒకణ్ణి పెట్టు. వాడు కొడవలిని తుడవడు, పిడి పట్టుకుని ఊపి చూడడు. చేతికి గ్లౌజులు వేసుకుని, గట్టి అట్టకు పురికొసతో కదలకుండా కట్టి, మొనకు అడ్డం పెట్టి, అట్టపెట్టెలో పెడతాడు. ఈ పనిని తొందరపడకుండా ఒక పేజీ రాయి. ఆ మనిషి ఎలాంటివాడో నువ్వు విడిగా చెప్పనక్కర్లేదు.

అరుగు మీద నెత్తురుందని రాశావు. బేతంచెర్ల బండను పెకలించి ల్యాబ్‌కు మోసుకెళ్లరు. శుభ్రమైన దూది లేదా గాజుగుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి మరకను అద్ది, ఆరబెట్టి పంపుతారు. దాంతోపాటు మరక లేని చోట కూడా ఒకటి అద్ది, దాన్ని వేరే కవరులో పెట్టాలి. దాన్ని కంట్రోల్ శాంపిల్ అంటారు. బండ మీద ముందునుంచే ఉన్నదేదో, నేరంతో వచ్చినదేదో తేల్చేది అదే. మట్టికీ ఇదే పద్ధతి. వాడి చెప్పులకు ఎర్రమట్టి అంటి ఉంటే, హత్య నల్లరేగడి చేనులో జరిగి ఉంటే, ఆ తేడా మన రాయలసీమ రైతుకు చూడగానే తెలుస్తుంది. ల్యాబ్‌కు మాత్రం చేనులో నాలుగైదు చోట్ల తీసిన మట్టి కావాలి, విడివిడిగా, ఎక్కడ తీశారో రాసి.

నాటుబాంబుల గురించి రెండు మాటలు. పేలని బాంబును పొట్లం కట్టి బస్సులో పంపించినట్టు ఎప్పుడూ రాయకు. ముందు బాంబ్ స్క్వాడ్ వచ్చి నిర్వీర్యం చేయాలి, ఆ తర్వాతే అవశేషాలు ల్యాబ్‌కు వెళ్తాయి.

పురుగుమందు తాగించిన కేసు రాయాలని ఉందన్నావు. పోస్టుమార్టంలో తీసిన అవయవ భాగాలను విషం పరీక్ష కోసం చిక్కటి ఉప్పునీళ్లలో ఉంచుతారు. శరీర భాగాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ద్రవం పోస్తే విషాన్ని కనిపెట్టడం కష్టమవుతుంది. ఆ ఉప్పునీళ్ల నమూనా కూడా ఇంకో సీసాలో వెళ్లాలి. ఇంత తెలిస్తే ఆ కథకు చాలు.

ఇప్పుడు సీలు. పొట్లానికి గుడ్డ చుట్టి, కుట్టి, ముడుల మీద లక్క కరిగించి పోసి స్టేషన్ సీలు ఒత్తుతారు. చీటీ మీద క్రైమ్ నంబరు, సెక్షన్లు, వస్తువు నంబరు, ఎక్కడ ఎప్పుడు దొరికిందో రాసి, మధ్యవర్తులు, అంటే స్వాధీనానికి సాక్షులుగా పిలిచినవాళ్లు, సంతకాలు పెడతారు. మన దగ్గర మధ్యవర్తిగా తరచూ వి.ఆర్.ఓ. ఉంటాడు. ఇరువర్గాలూ తెలిసిన ఊళ్లో సంతకం పెట్టడానికి అతను ఎంత టెన్షన్ పడతాడో నువ్వే ఊహించు. నీ కథలో అతను లేనే లేడు, ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో కూడా తీయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలని అందులోనే ఉంది, దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. నీ కథ ఏ సంవత్సరంలో జరిగిందో ముందు తేల్చుకో. రాష్ట్రం విడిపోకముందు కథ అయితే కానిస్టేబుల్ పొట్లం ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ల్యాబ్‌కు వెళ్లాలి. అది రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. దారిలో ఎవరైనా అతన్ని పలకరిస్తే ఏమవుతుందో రాయదలిస్తే అదే ఒక కథ.

పొట్లంతో ఒక లేఖ వెళ్తుంది. కేసు సంగ్రహం, వస్తువుల జాబితా, వాడిన సీలు నమూనా, అన్నిటికంటే ముఖ్యంగా ప్రశ్నలు. మరక నెత్తురేనా? మనిషిదేనా? మృతుడి నమూనాతో కలుస్తుందా? ల్యాబ్ చెప్పేది వీటికి జవాబులే. హంతకుడు ఎవరో దాన్ని అడగరు, అది చెప్పదు. పోల్చడానికి మృతుడి రక్త నమూనా పోస్టుమార్టంలోనే తీసి పంపి ఉండాలి. నీ కథలో ఎవరూ తీయలేదు, మరి దేనితో పోల్చారు? జవాబు మర్నాటికి రాదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ లోపు ఆ తల్లి ఏం చేస్తుంది? రాజీకి వచ్చిన పెద్దమనుషులకు ఏం చెబుతుంది? నీ అసలు కథ ఆ నెలల్లోనే ఉందని నా నమ్మకం. దాన్ని ఒక ఫోన్ కాల్‌తో మింగేశావు.

ల్యాబ్‌లో పొట్లం అందుకునేవాళ్లు ముందు చూసేది సీలు చెక్కుచెదరకుండా ఉందా, నమూనా సీలుతో కలుస్తుందా అని. కోర్టులోనూ అదే అడుగుతారు. స్వాధీనం చేసుకున్న రోజుకూ, ల్యాబ్‌కు చేరిన రోజుకూ మధ్య పొట్లం ఎక్కడుంది? తాళం ఎవరి దగ్గర? రిజిస్టర్‌లో రాశారా? ఆ క్రాస్ ఎగ్జామినేషన్‌లో నీ హెడ్ కానిస్టేబుల్‌ను నిలబెట్టు. జవాబు చెప్పగలిగేలా పని చేశాడా లేదా అన్నది ముందు పేజీల్లోనే నువ్వు రాసి ఉండాలి.

ఇక్కడి సెషన్స్ కోర్టులో హత్య కేసు విచారణ ఉన్న రోజు వచ్చి వెనక బెంచీలో కూర్చో. సాధారణంగా ఎవరైనా కూర్చోవచ్చు. మధ్యవర్తి సాక్ష్యం ఉన్న రోజైతే మరీ మంచిది. మూడో భాగం మార్చి రాశాక నాకు పంపు. తల్లి మౌనాన్ని మాత్రం ముట్టుకోకు, అది సరిగ్గా ఉంది.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న లాంటివాడు