కూలిన మిద్దెకు రేకులా, రొక్కమా?

ఇల్లు కట్టుకోవడం, బాగుచేసుకోవడం మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు, గృహ నిర్మాణ పనుల్లో ఉద్యోగం చేసి రిటైరైన కర్నూలు ఇంజినీరు ఇచ్చే జవాబులు.

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర పల్లె. ముసురుకు మా ఊర్లో తొమ్మిది మట్టి మిద్దెలు దెబ్బతిన్నాయి. బెంగళూరులో పని చేసుకునే మా ఊరి పిల్లలు తలా కొంత వేసి నాలుగు లక్షలు పంపినారు. పంచే బాధ్యత మా పొదుపు సంఘానిది. రేకులు, సిమెంటు కొనివ్వమని పెద్దలు అంటున్నారు. డబ్బు చేతికిస్తే తాగుడుకు పోతుందని వాళ్ల భయం. ఏం చేయమంటారు సార్?
– ఒక సంఘం లీడరు, పత్తికొండ మండలం

జవాబు: డబ్బే ఇవ్వండమ్మా. కాకపోతే విడతలుగా ఇవ్వండి, ఇచ్చాక పనిని కూడా చూడండి.

మన మిద్దెల సంగతి మీకు తెలియనిది కాదు. కారినప్పుడల్లా పైన చౌడు పోస్తాం. అలా తాతల నాటి నుంచి పోసిన మట్టి దూలాల మీద పేరుకుని ఉంటుంది. ముసురు పట్టిందంటే అది నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, దూలాల మీద అడ్డంగా వేసిన కర్ర, అంటే దంతె, చెదలు తిని ఉంటే విరుగుతుంది. ఒక ఇంట్లో కప్పు మాత్రమే పోతుంది. ఇంకో ఇంట్లో గోడ ఉబ్బుతుంది. మరో ఇల్లు పునాది నుంచి లేపాల్సిందే. అందరికీ ఒకే లెక్కన రేకులు పంచితే, గోడే లేని మనిషి వాటిని దేని మీద వేస్తాడు? సగం ధరకు అమ్ముకుంటాడు. అదే డబ్బు చేతిలో ఉంటే ఒకరు బేతంచెర్ల బండలు కొంటారు, ఇంకొకరు మేస్త్రీ కూలీ ఇస్తారు. కూలిన ఇంట్లో రాళ్లు, తలుపులు, బాగున్న దూలాలు ఎలాగూ పనికొస్తాయి. ఏది తక్కువైందో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

తాగుడు భయం గురించి కూడా చెబుతాను. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు ఇళ్లు పోయిన కుటుంబాల మధ్య పనిచేశాను. సాయం డబ్బు పక్కదారి పట్టిందంటే ఎక్కువసార్లు అది బియ్యానికి, మందులకు, చేబదులు వడ్డీకి పోయింది. ఆ కుటుంబాలను తప్పుపట్టలేను. అందుకే మొదటి విడతలో ఇంటి ఖర్చుకని కొంత విడిగా ఇవ్వండి. అప్పుడు మిగతాది ఇంటికి నిలుస్తుంది. డబ్బు ఇల్లాలి ఖాతాలో వేయండి.

2001 గుజరాత్ భూకంపం తర్వాత ఎక్కువ పల్లెల్లో ఇదే పద్ధతి పెట్టారు. ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకున్నారు. ప్రభుత్వం డబ్బును విడతలుగా బ్యాంకు ఖాతాల్లో వేసింది. ఇంజినీర్లు పని చూశారు, మేస్త్రీలకు భూకంపాన్ని తట్టుకునేలా కట్టడం నేర్పారు. 2015 భూకంపం తర్వాత నేపాల్ కూడా ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చింది. ముందు 50 వేలు, పునాది లేచాక లక్షన్నర, ఆ తర్వాత లక్ష. అయితే అక్కడ మొదటి విడతకే చాలా ఆలస్యమైంది. కొండ ఊళ్లకు సామాను చేర్చే ఖర్చు, మేస్త్రీల కొరత తోడయ్యాయి. చాలా కుటుంబాలు ఆ డబ్బుకు సరిపడా ఒక్క గది కట్టుకుని సరిపెట్టుకున్నాయి. డబ్బు ఇవ్వడం ఎంత ముఖ్యమో, సమయానికి ఇవ్వడమూ అంతే ముఖ్యమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇక మీ నాలుగు లక్షలు. తొమ్మిదితో భాగిస్తే ఇంటికి 45 వేలు కూడా రాదు. సమానంగా పంచొద్దు. కప్పు పోయినవాళ్లకు కొంత, గోడలు పోయినవాళ్లకు ఎక్కువ అని ఊర్లో అందరి ముందు చదివి వినిపించి నిర్ణయించండి. బేస్‌మట్టం లేచాక ఒక విడత, గోడలు లింటెల్ దాటాక ఒక విడత ఇవ్వండి. మేస్త్రీని తొమ్మిది ఇళ్లకూ కలిపి మాట్లాడుకుంటే కూలీ తగ్గుతుంది.

మట్టి తీసే ముందు ప్రతి ఇంటినీ ఫోటోలు తీయించండి, వీఆర్వోతో పంచనామా రాయించండి. ప్రభుత్వ విపత్తు సాయం నిబంధనల్లో 2022-23 నుంచి 2025-26 వరకు పెట్టిన లెక్క ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. ఈ తేడా చూశారు కదా. పూర్తిగా కూలిన ఇంటిని కొంత దెబ్బతిన్నట్టు రాస్తే ఆ కుటుంబం లక్ష రూపాయలకు పైగా పోగొట్టుకుంటుంది. రాసేటప్పుడు దగ్గరుండి చూడండి.

నేను చూసినంతలో డబ్బు ఎక్కువగా ఆగేది కాగితాల దగ్గర. ఊరి ఇళ్ల స్థలమైన గ్రామకంఠంలో ఇల్లు, పట్టా లేదు. లేదా చనిపోయిన నాయన పేరు మీద ఉంటుంది, అన్నదమ్ములు ముగ్గురు. సంఘం నుంచి ఇద్దరు చదువుకున్న ఆడపిల్లలను ఈ పనికే పెట్టండి. కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, వారసుల సంతకాలు ఇంటింటికీ తిరిగి పోగు చేయించండి. సిమెంటు కొనడం కన్నా ఇదే కష్టం, ఇదే అవసరం.

ప్రశ్న: హంద్రీ నది పక్కన బాడుగకు ఉంటున్నాం. ఇంట్లోకి నీళ్లు వచ్చి గోడ పడితే సాయం ఓనరుకే వచ్చింది. బాడుగ ఇళ్లవాళ్లకు ఎక్కడైనా ఏమైనా ఇస్తారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ బాధ న్యాయమైనది. ఇంటి నష్టం లెక్క గోడల పేరు మీద ఉంటుంది, అందుకే అది ఓనరుకు పోతుంది. మునిగిన ఇంట్లో బట్టలకు, సామాన్లకు ఇచ్చే సాయం మాత్రం అందులో ఉంటున్న కుటుంబానిది. దానికి మీరు విడిగా అర్జీ పెట్టండి.

వేరే దేశాల్లో బాడుగకే డబ్బు ఇచ్చిన సందర్భాలున్నాయి. 2010 భూకంపం తర్వాత హైతీలో గుడారాల్లో ఉన్న కుటుంబాలకు ఏడాది బాడుగకని 500 డాలర్లు ఇచ్చారు. యుద్ధం వల్ల సిరియా వదిలి జోర్డాన్ చేరినవాళ్లకు ఇర్బిద్ ప్రాంతంలో నార్వే శరణార్థుల మండలి ఇంకో దారి చూపింది. సగంలో ఆగిన ఇళ్లు పూర్తి చేసుకోవడానికి ఓనర్లకు డబ్బు ఇచ్చింది. బదులుగా శరణార్థి కుటుంబాలు ఏడాది, ఏడాదిన్నర బాడుగ లేకుండా ఉన్నాయి. ఓనరుకు ఇల్లు పూర్తయింది, కుటుంబానికి నీడ దొరికింది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. సాయం అందుకున్న ఓనరు కొంతకాలం బాడుగ పెంచకూడదనే షరతు మన దగ్గర కూడా రావాలని కోరుకుంటున్నాను.

ఇప్పటికి మీరు చేయగలిగింది ఒకటుంది. అడ్వాన్సు ఎంత ఇచ్చారో, నెలకు బాడుగ ఎంతో కాగితం మీద రాయించి ఓనరు సంతకం తీసుకోండి. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలన్న మాట కూడా అందులోనే రాయించండి.