మిగిలిన భాగాలతో మోడల్ కారు మార్చేటప్పుడు మందం చూసుకోండి

1/24 స్కేలు (అసలు కారులో 24వ వంతు) మోడల్ కారులో పాత కిట్టు ఇంజను, చక్రాలు పెట్టి, బానెట్ మీద స్కూప్ (గాలి లోపలికి పోయే ఉబ్బెత్తు నోరు) సొంతంగా చేసుకుంటే అతికించినట్టు తెలియకుండా ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. నా అనుభవంలో అతుకు కన్నా ముందు మన గుట్టు బయటపెట్టేది మందం.

నా మొదటి స్కూప్ ముచ్చటపడి చేసింది కాదు. 1/25 కిట్టులో మిగిలిన ఇంజనును ఛాసిస్ మీద పెట్టి, ఉత్సాహం కొద్దీ అంటించేశాను. మర్నాడు బానెట్ మూస్తే ఎయిర్ క్లీనర్ తగిలి రెండు మిల్లీమీటర్లు పైకి లేచి నిలబడింది. ఇంజను ఊడబెరికితే ఛాసిస్ విరిగేలా ఉంది. గత్యంతరం లేక బానెట్‌కు కన్నం చేసి, దాన్ని కప్పడానికి స్కూప్ కట్టాను. అందరూ మెచ్చుకున్నారు, నేనూ నిజం చెప్పలేదు.

దానికి వాడింది అర మిల్లీమీటరు స్టైరీన్ (కిట్టు భాగాల ప్లాస్టిక్) షీటు. చేతికి పలచగానే ఉంది. కానీ 24తో గుణించి చూడండి, 12 మిల్లీమీటర్లు! అసలు కారు రేకు సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే నా స్కూప్ నోరు చెక్కపెట్టెలా కనిపించింది. షీటంతా అరగదీయనక్కర్లేదు, కంటికి ఆనే అంచు చాలు. కత్తిని నిటారుగా పట్టి, లోపలి వైపు నుంచి ఏటవాలుగా, గోరు ఆనిస్తే వంగేంత వరకు గీకండి. బయటి వైపు ముట్టుకోవద్దు.

చక్రాల గురించి బెంగ వద్దు. 15 అంగుళాల రిమ్ము 1/24లో సుమారు 15.9 మిల్లీమీటర్లు, 1/25లో 15.2. నాలుగూ ఒకే కిట్టువైతే ఎవరూ పోల్చలేరు. ఇంజనును మాత్రం ముందు డబుల్ టేపుతో నిలబెట్టి, బానెట్ మూసి చూశాకే అంటించండి.

స్టైరీన్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది కాబట్టి క్రోమ్ పూత మీద, రంగు మీద పట్టదు. అతికే చోట గీకేయాలి. రెజిన్ (పోతపోసిన గట్టి ప్లాస్టిక్) భాగాలకూ లోహానికీ సూపర్ గ్లూ వాడాలి, అదీ అద్దాలు బిగించక ముందే. దాని ఆవిరికి నా ముందు అద్దం ఒకటి పొగమంచు పట్టినట్టు తెల్లబడింది.

ఇంజను స్పార్క్ ప్లగ్ వైర్లకు కిట్టు స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క చాలు. కొవ్వొత్తి మంటకు తగలకుండా పైన తిప్పుతూ, మెత్తబడి వేలాడగానే పక్కకు తీసి లాగండి. ఎంత వేగంగా లాగితే అంత సన్నం. 0.3 మిల్లీమీటర్లు వస్తే సరిపోతుంది. నాకు పదిట్లో నాలుగు పనికొస్తాయి. గది కిటికీ తెరిచి ఉంచండి.

తెల్ల షీటు, నల్ల విడిభాగం, బూడిదరంగు బాడీ అన్నీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పడ్డాకే ఒక్కటవుతాయి. దాచామనుకున్న గీతలు కూడా అప్పుడే పైకి తేలుతాయి. ఆ గీతల్లో నింపే పుట్టీ ఆరేకొద్దీ కుంగుతుంది, ఒక రోజు ఆగి అరగదీయండి. రంగు వేసే ముందు బానెట్ మళ్లీ ఒకసారి మూసి చూడండి, ప్రైమర్ కూడా మందమే కదా.